తెల్లకార్డు రెండో బోను

ఆ భవనంలో ఆవిడ అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. పంతొమ్మిదేళ్లుగా ఎలుకల గదిలో బోనులు కడుగుతూ, పొట్టు మారుస్తూ, నీళ్ల సీసాలు నింపుతూ అందరికీ బోనులక్క అయిపోయింది. పై అంతస్తుల్లో గోడ నిండా పట్టాలు వేలాడదీసుకున్న వాళ్లు కూడా, ఆ గది రెండు తలుపుల ముందు నిలబడి "అక్కా, రావచ్చా" అని అడిగితే గానీ లోపల అడుగు పెట్టేవారు కాదు.

అసలు ఆవిడ ఆ ఉద్యోగంలోకి రావడమే అయోమయంగా జరిగింది. గాజు సీసాలు కడిగే పనికి మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూలో ఒకాయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, తోక పట్టుకోవడం వచ్చా అని అడిగాడు. ఏ తోకో, ఎవరి తోకో ఆవిడకి అంతు పట్టలేదు. పెద్ద ఆఫీసుల్లో రబ్బరు గొట్టానికి అలాంటి పేరేదైనా ఉంటుందేమో అనుకుంది. రాదంటే ఉద్యోగం చేజారుతుందన్న భయంతో వచ్చన్నట్టు తలూపింది. తరువాతి సోమవారం ఒంటికి గౌను, కాళ్లకి రబ్బరు చెప్పులు తొడిగి తీసుకెళ్లి రెండు వందల ఎలుకల మధ్య నిలబెట్టారు. సీసాల ఉద్యోగం అప్పటికే వేరొకరికి ఇచ్చేశారట. మొదటి రోజంతా ఆవిడ స్టూలు దిగలేదు. రెండో రోజు దిగింది. ఏడాది తిరిగేసరికి, వెంట్రుకలు నిక్కబొడుచుకున్న తీరు చూసి, ఏ ఎలుకకి ఒంట్లో బాగాలేదో పశువుల డాక్టరు కంటే ముందే చెప్పేసేది.

ఇంట్లో ముగ్గురు. ఆవిడ, లిఫ్టులు బాగుచేసే భర్త, డెబ్బై దాటిన అత్తగారు. అత్తగారికి చెవులు కాస్త మందం, బుర్ర మాత్రం చురుకు. కోడలు రోజూ ఎలుకలకి తిండి పెట్టి వస్తుందని ఎవరికైనా చెబితే నవ్వుతారని, అడిగినవాళ్లకి "మావాడి భార్య ఆస్పత్రిలో చేస్తుంది" అని చెప్పి ఊరుకునేది.

ఆ సంవత్సరం మూడో అంతస్తు మేడమ్ కొత్త పని మొదలుపెట్టింది. మేడమ్ నెమ్మదైన మనిషి. బోనులక్కకి ఏ ప్రయోగమైనా ముందుగా వివరించి చెప్పేది ఆవిడొక్కతే. పాడైపోయిన తిండిలో కొన్ని సూక్ష్మజీవులు విషం వదులుతాయి. వండినా ఆ విషం చావదు, తిన్నవాళ్ల పేగుల్ని పట్టి పీడిస్తుంది. ఆ విషానికే కోరలు పీకి ముందుగా ఒంటికి చూపిస్తే, ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అదే టీకా. సూదితో ఇస్తే రక్తంలో కాపలా బాగానే కుదురుతుంది గానీ, విషం వచ్చేది నోటి దారిన కాబట్టి కాపలా పేగుల దగ్గర ఉండాలి. అందుకని టీకా కూడా నోటితోనే మింగించాలని మేడమ్ ఆలోచన.

వచ్చిన చిక్కల్లా కడుపులోని ఆమ్లంతోనే. మింగిన టీకాని పేగుదాకా పోనివ్వకుండా మధ్యలోనే తినేస్తుంది. అందుకని దాన్ని పాలిమర్ అనే పదార్థంతో చేసిన సన్నటి కణాల్లో దాచిపెడతామని మేడమ్ చెప్పింది. కుట్లు వేశాక వాటంతటవే కరిగిపోయే దారం ఉంటుంది చూశారా, అదే జాతి పదార్థమట. వందలకొద్దీ కణాలు పక్కపక్కన పేరిస్తే ఒక్క వెంట్రుక మందమట. ఇవి ఆమ్లాన్ని తట్టుకుని పేగుల్లోకి జారి, అక్కడ కాపలాకాసే చోట్ల లోపలికి పోయి మెల్లగా విడిపోతాయట.

ఇంతవరకూ బోనులక్కకి బాగానే అర్థమైంది. అత్తగారు చేదు మాత్ర ఉమ్మేస్తుంటే అరటిపండు ముక్కలో దూర్చి పెట్టడం తనకి అలవాటే. ఆ తర్వాతే తికమక మొదలైంది. ముప్పై ఎలుకల్ని మూడు జట్లు చేశారు. నీలం కార్డు జట్టుకి కణాల్లో దాచిన టీకా. పసుపు కార్డు జట్టుకి కణాలు లేకుండా ఉత్త టీకా. తెల్లకార్డు జట్టుకి టీకా లేని ఖాళీ కణాలు. ఒక్కో జట్టుకి రెండు బోనులు, బోనుకి ఐదు ఆడ ఎలుకలు. మందు లేని పొట్లం పెట్టడమెందుకని ఆవిడ అడిగితే, పొట్లం వల్ల మేలు జరిగిందో మందు వల్ల జరిగిందో తేలాలి కదా అంది మేడమ్. ఆ మాట ఆ క్షణంలో సబబుగానే తోచింది. బస్సెక్కేసరికి మళ్లీ జారిపోయింది.

మందు పోసేది మేడమ్ దగ్గర పనిచేసే పరిశోధకుడు. ముప్పై అయిదేళ్ల మనిషి. ఏం చెప్పినా కాగితం తీసి నిలువుగీత, అడ్డగీత గీసి మొదలుపెడతాడని అతనికి గీతలాయన అని పేరు పడింది. బోనులక్క ఎలుకని మెడ వెనక చర్మం పట్టి కదలకుండా ఎత్తి పట్టుకునేది. గీతలాయన కొన మొద్దుగా ఉన్న వంపు సూదిని గొంతులోకి జార్చి, చుక్క లెక్కన పోసేవాడు. రెండు వారాలకొకసారి, మొత్తం మూడుసార్లు. పోసిన మర్నాడు బోనులు మార్చేరోజు. చివరి మోతాదయ్యాక వాటి తోకల్లోంచి కాస్త రక్తం తీసి గడ్డకట్టే పెట్టెలో దాచారు. ఆ తర్వాత అన్నిటికీ అసలు విషం పోయాలి.

ఆ సంగతి అత్తగారి చెవిన పడింది.

"ఆరు వారాలు మందు పోసి, ఇప్పుడు విషం పోస్తారా అమ్మాయ్?"

"మందు పనిచేసిందో లేదో చూడాలి కదా అత్తయ్యా."

"పనిచేసిందని తెలిస్తే వాటికేం ఒరుగుతుంది?"

బోనులక్క గిన్నెలు సర్దే నెపంతో వంటింట్లోకి తప్పుకుంది.

విషం పోసిన మర్నాడు పొద్దున్నే ముగ్గురూ గదిలో కలిశారు. ఏ ఎలుక అయినా ఒక స్థాయి దాటి నీరసిస్తే బాధ పెట్టకుండా నిద్రపుచ్చెయ్యాలని నియమం. అది చూసి చెప్పే పని బోనులక్కదే. నీలం బోనుల్లో పదింటికి తొమ్మిది గింజలు కొరుకుతూ చలాకీగా ఉన్నాయి. పసుపు బోనుల్లో ఏడు కూలబడ్డాయి. తెల్లకార్డు మొదటి బోనులో ఐదుకి ఐదూ ముడుచుకుపోయాయి. అంతా అనుకున్న దారినే నడుస్తోందని గీతలాయన గీతలకి సిద్ధమవుతుండగా, బోనులక్క తెల్లకార్డు రెండో బోను బయటికి లాగింది. ఒకటి మూలన ముడుచుకుని ఉంది. తక్కిన నాలుగూ కమ్మీ పట్టుకుని నిలబడి ఆవిడ వేళ్లని వాసన చూస్తున్నాయి.

ఖాళీ పొట్లం మింగినవి బతకడమేమిటి? కార్డులు తారుమారయ్యాయేమోనని గీతలాయన అన్నాడు. అన్నది కార్డుల గురించే అయినా చూపు మాత్రం అక్క మీదే ఉంది. గుర్తు కోసం చెవులకి పెట్టిన గంట్లు చూసి పుస్తకంతో సరిపోల్చారు. ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. సీసాలు తారుమారయ్యాయేమోనని మిగిలిన మందు పరీక్షించారు. తెల్ల సీసాలో ఉన్నవి ఖాళీ కణాలే. పోనీ విషం పస తగ్గిందా అంటే, మొదటి బోను మొత్తం కూలబడింది కదా. మధ్యాహ్నానికి గీతలాయన చొక్కా జేబులో కాగితాలు అయిపోయాయి.

బోనులక్క పరిస్థితి కక్కలేక మింగలేక అన్నట్టుంది. ఆ నాలుగూ బతికాయని లోలోపల సంతోషం. వాటి బతుకే మేడమ్ పనికి ఎసరు పెట్టిందే అని దిగులు. సంతోషపడినందుకు సిగ్గు. మూడూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే, ఆ రోజు నీళ్ల సీసాలు నింపినవే రెండోసారి నింపింది.

సాయంత్రం భర్తతో చెప్పుకుంది. ఆయన చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. లిఫ్టు ఒక అంతస్తు నొక్కితే ఇంకో అంతస్తులో ఆగుతోందని పిలుస్తారట. అలాంటప్పుడు ఆయన యంత్రాన్ని తిట్టడు, కిందటిసారి వచ్చినప్పుడు తను ఏం ముట్టుకున్నాడో అది గుర్తు చేసుకుంటాడట. ఆయన ఆ మాట ఏదో మామూలుగా అన్నాడు. ఆవిడకి మాత్రం చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

తను ముట్టుకుంది గూడు.

ఎలుకలకి చలి ఆగదు. ముక్కలు చేసిన కాగితం, దూది వేస్తే చక్కగా గూడు కట్టుకుంటాయి. తెల్లకార్డు రెండో బోను అరల చివర, ఏసీ గాలి నేరుగా కొట్టే చోట ఉండేది. అందులోవి ఎందుకో గూడు కట్టడం చేతకాక ఒకదాని మీద ఒకటి పడి వణికేవి. దాని పై అరలో నీలం కార్డు బోను ఉండేది. అందులోవి గూడు కట్టడంలో ఆరితేరినవి. బోనులు మార్చేరోజు ఎలాగూ పాత గూడు చెత్తలో పారేసేదే కదా అని, ఆ వెచ్చటి గూట్లోంచి గుప్పెడు తీసి కింది బోనులో పెట్టింది. మందు పోసిన మర్నాడు. మూడుసార్లూ.

గూడంటే ఉత్త కాగితం కాదు. అందులో పెంటికలుంటాయి. ఎలుకలు పెంటికలు తింటాయి. ఇది పంతొమ్మిదేళ్లుగా రోజూ కళ్లారా చూస్తున్నదే. నీలం ఎలుకల పేగుల్లో ఆగకుండా బయటికి వచ్చేసిన కణాలు ఆ పెంటికల్లో ఉంటే? కోరలు పీకిన విషం వాటిలో ఇంకా చెక్కుచెదరకుండా ఉంటే?

బోనులోది ఏదీ ఇంకో బోనులోకి పోకూడదని గోడ మీద కాగితం అంటించే ఉంది. ఆవిడ రోజూ చదివేది కూడా. ఎలుకలు, గింజలు, సీసాల గురించే అది అనుకుంది. పారేసే చెత్త కూడా ఆ లెక్కలోకి వస్తుందని తోచలేదు. తప్పు చేశానా, మేలు చేశానా అని ఎంత తిప్పి తిప్పి చూసుకున్నా ఆవిడకి ఓ పట్టాన తేలలేదు.

రెండు రోజులు నోరు కుట్టేసుకున్నట్టు తిరిగింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసే దారి లేదు. మూడో రోజు పొద్దున భర్తకి మాత్రం చెప్పింది. ఆఫీసులో చెప్పకపోతే ఏమవుతుందని ఆయన అడిగాడు.

"ఏమీ అవ్వదు. లెక్క కుదరలేదని అంతా పారేస్తారు. మళ్లీ మొదట్నించి చేస్తారు."

"అంటే ఇంకో ముప్పై ఎలుకలా?"

ఆ ఒక్క మాటతో ఆవిడ తేల్చేసుకుంది. ఆ రోజు లిఫ్టు కోసం కూడా ఆగకుండా మూడో అంతస్తుకి మెట్లెక్కింది. మేడమ్ బల్ల ముందు నిలబడి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. గీతలాయన అక్కడే ఉన్నాడు. అతని మొహం మాడిపోయింది. "ఆరు వారాలక్కా" అన్నాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడకి అనిపించింది.

బోనులక్క తిట్లకి సిద్ధపడి ఉంటే, మేడమ్ అడిగింది వేరు.

"గుప్పెడంటే ఎంతక్కా? నాకు చేసి చూపించండి."

బోనులక్క చెత్తబుట్టలోని కాగితాలు చించి, గుప్పిట పట్టి చూపించింది. గీతలాయన దాన్ని త్రాసులో పెట్టాడు. అప్పుడే తీసిన గూడొకటి తెప్పించి, అంత ముద్దలో ఎన్ని పెంటికలు పడతాయో మేడమే సన్నటి పట్టకారుతో ఏరి లెక్కపెట్టింది. ఇంత చదువుకున్న మనిషి తన గుప్పిటని ఆధారం చేసుకుని ఎలుక పెంటికలు ఏరుతుంటే, నవ్వాలో ఏడవాలో బోనులక్కకి తెలియలేదు.

ఆ తర్వాత దాచిన రక్తం గొట్టాలు బయటికి తీశారు. చిన్న చిన్న గుంటలున్న పలకలో ఒక్కో చుక్క వేసి పరీక్ష పెట్టారు. ఒళ్లు ఆ విషాన్ని గుర్తుపట్టి ఉంటే గుంటలో రంగు తేలుతుంది. తెల్లకార్డు మొదటి బోను గుంటలు ఐదూ నీళ్లలా ఉండిపోయాయి. రెండో బోనువి నాలుగు మెల్లగా రంగెక్కాయి. ఐదోది ఎక్కలేదు. పుస్తకం తిప్పి చూస్తే ఆ ఐదోది కూలబడిన ఎలుకదే. గీతలాయన పలకని వెలుతురుకి పెట్టి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"అయితే నా గూటివల్లేనా మేడమ్?"

"కావచ్చు. ఒక్క బోను చూసి అవునని అనలేను. కాదనీ అనలేను."

బోనులక్క అవునని విందామనో, కాదని విందామనో వచ్చింది గానీ, ఈ మధ్యలో మాట ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి అర్థం కాలేదు. అంతటితో అయిపోలేదు. ఆ నాలుగింటి పేగుల్లో కాపలా నిజంగా కుదిరిందో లేదో చూడాలంటే పేగులే కావాలి. అంటే వాటిని నిద్రపుచ్చెయ్యాలి. బతికినవాటిని కూడానా అని ఆవిడ అడగలేదు. సంగతి పంతొమ్మిదేళ్లుగా తెలిసిందే. కానీ అంతకుముందు ఎప్పుడూ లేనిది, ఈసారి మేడమ్ చెప్పడానికి తనే కిందికి దిగి వచ్చింది. "నేను చేస్తాను, మీరు వెళ్లండక్కా" అంది. బోనులక్క వెళ్లలేదు. ఒక్కోదాన్ని అరచేతిలోకి తీసుకుని, అది కుదురుకునేదాకా వీపు నిమిరి, తర్వాత అందించింది. నాలుగోది గౌను చేతి మడతలో దూరి కాసేపు బయటికి రాలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, తల నొప్పిగా ఉందని చెప్పి పడుకుంది.

ముప్పై ఎలుకల్ని కాపాడదామని నిజం చెప్పిందా, నెలరోజులు తిరిగేసరికి నలభై వచ్చాయి. ఒక జట్టు అదనంగా చేరింది. వాటికి నోటితో ఖాళీ కణాలే పోస్తారు. మందు పోసిన మర్నాడు మాత్రం నీలం బోను గూడు గుప్పెడు పెడతారు. ముందు తప్పుగా చేసినదాన్నే ఇప్పుడు పద్ధతిగా, కొలిచి, పుస్తకంలో సంతకం పెట్టి చెయ్యాలి. ఆ సంతకం పెడుతూ బోనులక్క, దొంగతనం చేసిన ఇంటికే తాళంచెవి చేతికిచ్చి పంపినట్టుందని గీతలాయనతో అంది. అతను చాలా రోజుల తర్వాత నవ్వాడు. కణాలు ఎలా కరుగుతాయో గీతలు గీసి చెప్పడం కూడా మళ్లీ మొదలుపెట్టాడు. ఆవిడకి సగం అర్థమయ్యేది. తక్కిన సగం అతనికీ సరిగ్గా తెలియదని ఒకరోజు తనే ఒప్పుకున్నాడు.

ఈలోగా ఆవిడ ఒక్కటి మాత్రం పట్టుబట్టి సాధించింది. అరల వరసని ఏసీ గాలికి దూరంగా జరిపించింది. ప్రతి బోనుకీ కొత్త కాగితం, కొత్త దూది ఇవ్వాలని రాయించింది. జరపడానికి ఇద్దరు మనుషులు, ఒక పూట పట్టాయి. ఇన్నేళ్లూ ఈ ముక్క ఎందుకు అడగలేదని తనని తనే తిట్టుకుంది.

రెండో విడత ఫలితం వచ్చింది. కణాల్లో దాచిన టీకా తాగిన నీలం ఎలుకలు పదికి పదీ తట్టుకున్నాయి. దాని గురించి ఇక ఎవరికీ అనుమానం లేదు. మేడమ్ మొహంలో బోనులక్క ఎప్పుడూ చూడని వెలుగు. గూడు పెట్టిన రెండు బోనుల్లో మాత్రం ఒకదాంట్లో మూడు బతికాయి, రెండోదాంట్లో ఒక్కటీ బతకలేదు. అదే గూడు, అదే గుప్పెడు, అదే చెయ్యి. ఎందుకలా అని బోనులక్క అడిగితే, పెంటికలు ఏది ఎన్ని తిందో మనకి తెలియదు కదా అంది మేడమ్. లోపలికి పోయిన కణాలు ఎన్నో కూడా తెలియదట. ఇదొక పెద్ద పని, వేరే ఎప్పుడో చెయ్యాలట. ప్రస్తుతానికి తెలిసిందల్లా, బోనుల మధ్య గూడు మారితే లెక్క చెడిపోవచ్చని. పంచిన గూడు కాపాడుతుందని మాత్రం ఎవరూ రాయలేరట.

పెద్దాఫీసులో కాగితాలు వాటి నడక అవి నడుస్తాయి. ఎనిమిది నెలల తర్వాత, ఒకే రోజు బోనులక్క చేతికి రెండు కవర్లు వచ్చాయి. ఒకటి జంతువుల మీద ప్రయోగాలని పర్యవేక్షించే కమిటీ నుంచి. నియమానికి విరుద్ధంగా ఒక బోను గూడు ఇంకో బోనులోకి మార్చినందుకు మందలిస్తూ, ఇకపై అలా జరగకూడదంటూ మెమో. రెండోది మేడమ్ పంపింది. పత్రికలో అచ్చయిన వ్యాసం. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో, గూళ్ల విషయం గమనించి నిజాయితీగా తెలియజేసిన జంతుశాల ఉద్యోగినికి కృతజ్ఞతలు అని ఉన్న వాక్యం కింద పెన్సిలుతో గీత. ఆ గీత గీసింది గీతలాయనేనని చూడగానే తెలిసిపోయింది.

బస్సులో రెండింటినీ మార్చి మార్చి చదివింది. రెండూ ఒక్క పని గురించే. రెండింటి మీదా ఒకే సంస్థ ముద్ర. ఇంటికి వచ్చాక ఏది ముందు చూపించాలో తోచక, రెండూ కలిపి భర్త చేతిలో పెట్టింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి తాపీగా చదివాడు.

"ఇంతకీ మెచ్చుకున్నారా, మందలించారా?"

"రెండూననుకుంటా."

"నీకేమనిపిస్తోంది?"

ఆవిడకి మెమో చదివితే అదీ నిజమే అనిపించింది, ఆ వాక్యం చదివితే ఇదీ నిజమే అనిపించింది. తెలియడం లేదని చెప్పింది. ఆయన తలూపి కాగితాలు రెండూ మడిచి ఇచ్చేశాడు. లోపల్నించి అత్తగారు, ఏమిటా ఉత్తరాలని కేకేసింది. ఆఫీసువి అత్తయ్యా అని బోనులక్క గట్టిగా చెప్పి, మర్నాడు పొద్దున్నే కొత్త ఎలుకల బండి వస్తుందని గుర్తొచ్చి, అలారం అరగంట ముందుకి తిప్పింది.